బహుమతి మీరిచ్చారు, బొమ్మ మాకు చూపించండి

లఘుచిత్రాల పండుగలు నడిపే పెద్దలకు, వాటిలో బహుమతులు నిర్ణయించే జ్యూరీ సభ్యులకు, ఆ పండుగలకు డబ్బిచ్చే ప్రభుత్వ శాఖలకు

నమస్కారం.

నేను సూర్యాపేట జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. సినిమా రంగంలో నాకు ఎవరూ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, పదేళ్ళ నుంచి వీలు చిక్కినప్పుడల్లా శనివారం మధ్యాహ్నం పిల్లలకి చిన్న సినిమాలు చూపిస్తున్నాను. ఆ శనివారాల గురించే ఈ ఉత్తరం.

2024 జూన్‌లో బళ్ళు తెరిచిన కొత్తలో ఎనిమిదో తరగతికి సామెతలు చెప్తున్నాను. కోడీ కుంపటీ ముసలమ్మ దగ్గరికొచ్చాం. ఆ కథ తెలియని తెలుగిల్లు ఉండదు. తన కోడి కూతకే ఊరు నిద్ర లేస్తోందని, తన కుంపట్లో నిప్పుతోనే ఊళ్ళో పొయ్యిలు వెలుగుతున్నాయని ముసలమ్మ నమ్మకం. ఒకరోజు ఊరిమీద అలిగి, రెండింటినీ చంకన పెట్టుకుని అడవిలోకి వెళ్ళి కూర్చుంటుంది. ఊరికి మాత్రం ఎప్పటిలాగే తెల్లవారుతుంది.

కథ అయ్యాక పిల్లలకి ఒక వార్త చెప్పాను. మన ముసలమ్మ లాంటి కథ కన్నడంలోనూ ఉందనీ, మైసూరు వైపు నుంచి వచ్చిన చిదానంద నాయక్ అనే ఆయన దాన్నే సినిమా తీశాడనీ, నెల కిందట ఫ్రాన్సులో కాన్ చిత్రోత్సవంలో దానికి మొదటి బహుమతి వచ్చిందనీ. సినిమా పేరు 'సన్‌ఫ్లవర్స్ వర్ ద ఫస్ట్ వన్స్ టు నో'. నిడివి 16 నిమిషాలు. ఆయన డాక్టరు చదివి, తరవాత పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది టెలివిజన్ కోర్సులో చేరాడు. ఆ కోర్సు చివర చేసే అభ్యాసం కోసం తీసిన సినిమా అది. కాన్‌లో సినిమా బడుల విద్యార్థుల కోసం 'లా సినెఫ్' అనే పోటీ విభాగం ఉంది. ఆ ఏడు ప్రపంచం మొత్తం మీద 555 బడుల నుంచి 2,263 సినిమాలు వస్తే 18 తీసుకున్నారు. ఆ పద్దెనిమిదిలో మొదటిది ఇదీ అన్నాను.

పిల్లలకి ఈ అంకెలు పట్టలేదు. వాళ్ళకి పట్టింది కథలో తేడా. ఆ సినిమాలో ముసలమ్మ ఊరి కోడిపుంజుని దొంగిలిస్తుంది, నిజంగానే తెల్లవారదు, ఊరంతా అల్లకల్లోలమైపోతుందని చెప్పగానే క్లాసు మొత్తం ఒక్కసారి లేచింది. "తెల్లారకపోతే బడి ఎట్ల మేడమ్?" అని ఒకడు. "కోడి కాదు మేడమ్, సూర్యుడే భయపడి రాలేదు" అని ఇంకొకడు. మూలన కూర్చునే పిల్లవాడు ఒకడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, లేచి నిలబడి అడిగాడు. "మరి అది మనకెప్పుడు చూపిస్తరు?"

చూపిస్తాననే అన్నాను. ఇంటికెళ్ళి వెతికాను. ఆ జూన్ అంతా వెతికాను. ఎక్కడా దొరకలేదు.

దొరకకపోవడంలో ఆ దర్శకుడి తప్పేమీ లేదు. అసలు ఎవరు తప్పు చేశారని కాదు నేను రాస్తున్నది. చిన్న సినిమా బతికే పద్ధతే అలా ఉంది. ఒక పండుగలో పేరొచ్చిన సినిమాని ఏడాది, ఏడాదిన్నర పాటు ఊరూరా ఉన్న పండుగలకి పంపుతారు. ఇంటర్నెట్‌లో పెట్టేసిన సినిమాని తీసుకోని పండుగలు చాలా ఉన్నాయి. ఆస్కార్ లఘుచిత్రాల పోటీకి కూడా, అర్హత సంపాదించక ముందే నెట్‌లో జనానికి చూపించేసిన సినిమా పనికిరాదు. అందుకని దర్శకులు సినిమాని పాస్‌వర్డ్ పెట్టి దాచుకుంటారు. పండుగల తిరుగుడు అయ్యేసరికి ఆ దర్శకుడు తరవాతి సినిమా పనిలో పడతాడు. నిర్మించిన సంస్థ దాన్ని బీరువాలో పెట్టేస్తుంది. బహుమతి వచ్చిందన్న వార్త కోట్లమందికి చేరుతుంది, సినిమా మాత్రం హాల్లో కూర్చున్న రెండు మూడు వందలమందితో ఆగిపోతుంది. పెద్ద సినిమాకి బహుమతి వస్తే ఆలస్యంగానైనా థియేటరుకో టీవీకో వస్తుంది. 16 నిమిషాల సినిమాకి థియేటరు లేదు, టీవీ లేదు. దానికి మీరు పెట్టే పండుగే థియేటరు. మీరు తలుపులు మూసేస్తే దానికింక వేరే తలుపు లేదు.

ఒకప్పుడు ఉండేది. నా చిన్నప్పుడు మా ఊరి టాకీసులో ప్రతి ఆటకీ ముందు న్యూస్ రీలు వేసేవాళ్ళు. కేంద్ర ప్రభుత్వం 1948లో పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిన్న సినిమాలవి. వాటిని వెయ్యకపోతే థియేటరు లైసెన్సుకే ముప్పు. అద్దెగా వసూళ్ళలో నూటికి ఒక రూపాయి కట్టేవాళ్ళు. పద్నాలుగు పదిహేను భాషల్లో డబ్బింగ్ చేసి దేశమంతా పంపేవాళ్ళు. అందుకే నేల టిక్కెట్టు కొన్న మా నాయనమ్మ కూడా భాక్రా డ్యామ్‌ని తెలుగు మాటలతో చూసింది. వాటిలో సర్కారు గొప్పలు చెప్పుకునేవి ఎక్కువే, కాదనను. కానీ మంచివీ ఉన్నాయి. 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20' చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన పిల్లలు ఇరవయ్యేళ్ళు నిండాక కెమెరా ముందు మనసువిప్పి మాట్లాడతారు. దేశాన్ని పొగిడేవాళ్ళూ ఉన్నారు, ముఖమ్మీదే నిలదీసేవాళ్ళూ ఉన్నారు. మా పదో తరగతికి చూపించినప్పుడు బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. అది నెట్‌లో దొరికింది కాబట్టి చూపించగలిగాను.

ఆ పాత పద్ధతి మళ్ళీ తెమ్మని నేనడగను. బలవంతంగా చూపించిన బొమ్మని జనం బయట సోడా తాగుతూ గడిపేస్తారు. కానీ చిన్న సినిమా పల్లె దాకా రావడానికి అప్పుడు ఒక దారి ఉండేదన్నది నిజం. దాన్ని మూసేశాం, ఇంకోటి వెయ్యలేదు.

పిల్లల పండుగ మాటా చెప్పాలి. 1979లో అంతర్జాతీయ బాలల సంవత్సరం నాడు ముంబయిలో మొదలైన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం 1995 నుంచి హైదరాబాదులో స్థిరపడింది. రెండేళ్ళకోసారి నవంబరులో జరిగేది. బహుమతి పేరు బంగారు ఏనుగు. పిల్లలే తీసిన చిన్న సినిమాలకి 'లిటిల్ డైరెక్టర్స్' పేరుతో వేరే విభాగం ఉండేది, జ్యూరీలో కూడా పిల్లలు కూర్చునేవాళ్ళు. 2015లో, 2017లో మా బడి నుంచి నేను తీసుకెళ్ళాను. పొద్దున నాలుగింటికి బస్సు. పులిహోర పొట్లాలు, నీళ్ళ క్యాన్లు, ఇద్దరు పిల్లలకి దారి పొడుగునా వాంతులు. ఇవన్నీ పడి ఆ హాల్లో కూర్చున్నాక తెరమీద ఎక్కడో మంచుదేశం పిల్లవాడు చెప్పులు పోగొట్టుకుని ఏడుస్తుంటే మా పిల్లలు అంతే నిశ్శబ్దంగా ఏడ్చారు. భాష ఒక్క ముక్క తెలీదు. నేను చెవిలో తర్జుమా చెప్పబోతే, "ఆగండి మేడమ్, అర్థమైతుంది" అని నన్నే ఊరుకోమన్నారు.

2017లో జరిగింది ఇరవయ్యోది. 2019 నవంబరు వచ్చింది, పండుగ రాలేదు. తరవాత కరోనా. 2022లో ఈ పండుగ నడిపే బాలల చిత్ర సంస్థ, ఫిల్మ్స్ డివిజన్, పుణె ఫిల్మ్ ఆర్కైవ్, చిత్రోత్సవాల డైరెక్టరేట్ అన్నిటినీ ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే కేంద్రం వారి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఆఫీసులు కలపడం మీ పాలన సంగతి, దాని మీద మాట్లాడేంత నాకు తెలియదు. కానీ ఆ బస్సు ఎక్కాల్సిన పిల్లలు ఎన్ని బ్యాచులు పదో తరగతి దాటి వెళ్ళిపోయారో నాకు తెలుసు. రిజిస్టర్లు నా దగ్గరే ఉన్నాయి.

ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవం సంగతికొస్తే, డాక్యుమెంటరీలకీ లఘుచిత్రాలకీ యానిమేషన్‌కీ మన దేశంలో అంత పాత పండుగ ఇంకొకటి లేదు. 1990లో మొదలైంది. స్వర్ణ శంఖం, రజత శంఖం ఇస్తారు. 2024 జూన్‌లో జరిగిన పద్దెనిమిదో పండుగలో ఒక మంచి పని చేశారు. ముంబయితో పాటు ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, పుణెల్లో కూడా సినిమాలు వేశారు. ఆ వార్త చదివి ఎంత సంతోషించానో, లిస్టు రెండోసారి చదివి అంత చిన్నబుచ్చుకున్నాను. హైదరాబాద్ లేదు. విజయవాడ లేదు, విశాఖ లేదు. ఏటా ఇన్ని సినిమాలు తీసే, ఇంతమంది టిక్కెట్టు కొనే తెలుగు నేల మీద ఒక్క తెర కూడా లేదు.

ఆ ఏడు స్వర్ణ శంఖం వచ్చింది నిష్ఠా జైన్ తీసిన 'ది గోల్డెన్ థ్రెడ్'కి. బెంగాల్ జనపనార మిల్లుల కార్మికుల మీద డాక్యుమెంటరీ. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో జూట్ మిల్లుల మీద బతికిన కుటుంబాలు వేలకొద్దీ ఉన్నాయి. మిల్లు మూతపడితే ఇల్లు ఎలా గడుస్తుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సినిమా మొట్టమొదట వాళ్ళదే. నెల్లిమర్లలో ఒక తెర కట్టి ఒక్క సాయంత్రం దాన్ని వెయ్యడానికి ఎంతవుతుంది?

ఖర్చు మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసిన లెక్క చెప్తాను. రెండేళ్ళ కిందట బహుమతి వచ్చిన ఒక మరాఠీ లఘుచిత్రం కోసం దాని దర్శకుడికి ఉత్తరం రాశాను. చిన్న వయసు ఆయనది. ముందు ఏడు రోజులు పనిచేసే లింకు పంపాడు. మా బడి నెట్‌లో అది పదకొండో నిమిషం దగ్గర ఆగిపోయింది. మూడుసార్లు అక్కడే. పిల్లలు మూడుసార్లు మొదటి నుంచి చూశారు, చివరికి ఏమైందో తెలియక ఇళ్ళకి వెళ్ళారు. ఆ సంగతి రాస్తే ఆయన నమ్మి సినిమానే పంపించాడు, దాంతో పాటు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళ ఫైలు కూడా. అందులో ఉన్నవి 94 మాటల వరసలు. రెండు రాత్రులు కూర్చుని తెలుగులోకి రాశాను. వాటిని కంప్యూటరులో ఎక్కించి పెట్టింది మా పదో తరగతి అమ్మాయి. ఖర్చు మొత్తం కలిపి ఒక పెన్‌డ్రైవ్.

చెరకు కోతకి వలసపోయే కుటుంబం కథ అది. అమ్మానాన్న ట్రాక్టరు ఎక్కుతూ ఇంటికి తాళం వేసి, ఆ తాళంచెవిని నల్లదారానికి కట్టి కూతురి మెడలో వేస్తారు. ఆ తరవాత పిల్ల నీళ్ళు తోడినా, అన్నం తిన్నా, బడిలో కూర్చున్నా ఆ తాళంచెవి ఊగుతూనే ఉంటుంది. శనివారం కిటికీలకి దుప్పట్లు కట్టి వేశాం. నేను తెర చూడ్డం మానేసి పిల్లల్ని చూస్తున్నాను, నాకు అలవాటు. నాలుగో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యి మెల్లగా తన మెడ దగ్గరికి వెళ్ళింది. యూనిఫాం లోపల్నుంచి దారం బయటికి తీసింది. దానికీ ఒక తాళంచెవి. తల్లిదండ్రులు హైదరాబాదులో బిల్డింగ్ పనికి వెళ్తే నెలకోసారి వస్తారట. రెండేళ్ళు ఆ పిల్లకి పాఠం చెప్పాను. ఆ తాళంచెవి ఉందని నాకు తెలీదు. ఆ రోజు మిగతా సినిమా అంతా ఆ పిల్ల దాన్ని బయటే ఉంచుకుని చూసింది.

మీ జ్యూరీ ఆ సినిమాకి ఎందుకు బహుమతి ఇచ్చిందో నాకు తెలియదు. ఎవరి కోసం ఇచ్చిందో మాత్రం ఆ మధ్యాహ్నం కళ్ళారా చూశాను.

ఇలాంటి పని వేరేచోట్ల చేస్తున్నారు. జర్మనీలో ఓబర్‌హౌజెన్ అనే బొగ్గు, ఉక్కు పనివాళ్ళ ఊళ్ళో 1954 నుంచి లఘుచిత్రాల పండుగ నడుస్తోంది. తమ దగ్గర ఆడిన సినిమాల్ని దాచిపెట్టి, అడిగినవాళ్ళకి అద్దెకిస్తారు. ఫ్రాన్సులో 1983లోనే లఘుచిత్రాల్ని థియేటర్లకీ బడులకీ చేరవెయ్యడానికే ఒక సంస్థ పెట్టుకున్నారు. 2011లో అయితే డిసెంబరు 21ని, అంటే ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజుని, పొట్టి సినిమాల రోజుగా చేసుకున్నారు. బడి, గ్రంథాలయం, జైలు, ఎవరైనా సరే ఆ రోజు ఒక తెర కట్టి చూపించుకోవచ్చు. అంత దూరం ఎందుకు, కేరళ చలనచిత్ర అకాడమీ 2008 నుంచి తిరువనంతపురంలో డాక్యుమెంటరీలకీ లఘుచిత్రాలకీ విడిగా అంతర్జాతీయ పండుగ పెడుతోంది. మన రెండు రాష్ట్రాల్లో సినిమా అభివృద్ధి సంస్థలు ఉన్నాయి. లఘుచిత్రం వాళ్ళ పనిలో ఒక మూలనైనా ఉండాలని కోరుతున్నాను.

మన దగ్గర లఘుచిత్రం అంటే పెద్ద సినిమాకి మెట్టు అనే అభిప్రాయం బాగా నాటుకుపోయింది. తరుణ్ భాస్కర్, సుజీత్ లాంటివాళ్ళు చిన్న సినిమాలతో మొదలై పెద్ద దర్శకులయ్యారు, సంతోషం. కానీ కథానికని నవలకి మెట్టు అని ఎవరైనా అంటారా? తెలుగు వాళ్ళం కథానికని నెత్తిన పెట్టుకున్నవాళ్ళం. పదహారు నిమిషాల సినిమాకి కూడా అదే మర్యాద దక్కాలి. చూస్తేనే కదా మర్యాద ఇచ్చేది.

మీరు చెయ్యగలిగింది నాకు తోచినంత వరకు ఇది. పండుగకి సినిమా పంపేటప్పుడు దర్శకులు నింపే దరఖాస్తులో ఒక వాక్యం చేర్చండి: బహుమతి వస్తే, పండుగల తిరుగుడు పూర్తయ్యాక, ప్రభుత్వ బడుల్లో, గ్రంథాలయాల్లో టిక్కెట్టు లేకుండా చూపించుకోవడానికి ఒప్పుకుంటున్నాను అని. ఉచితంగా ఇమ్మని కాదు. అప్పు చేసి సినిమా తీసినవాళ్ళు వాళ్ళు. ప్రతి ప్రదర్శనకీ ఎంతో కొంత మీ బడ్జెట్‌లోంచి వాళ్ళకి పంపండి. ప్రారంభోత్సవం రోజు వేదిక అలంకరణ ఖర్చులో కొంత తగ్గించినా సరిపోతుందని నా నమ్మకం. బహుమతి సినిమాలకి తెలుగు సబ్‌టైటిళ్ళు రాయించండి. రాసేవాళ్ళు లేరనకండి, రెండు రాష్ట్రాల్లో నాలాంటి తెలుగు టీచర్లు వేలమంది ఉన్నారు, అడిగితే సెలవుల్లో కూర్చుని రాస్తారు. వచ్చే పండుగకి ముంబయి బయట తెరలు కట్టే ఊళ్ళ లిస్టులో హైదరాబాద్, విజయవాడ, విశాఖ పేర్లు రాయండి. అక్కడి నుంచి ఖమ్మం, నెల్లిమర్ల, ఆదోని దాకా ఎలా తీసుకెళ్ళాలో మేమూ కలిసి ఆలోచిస్తాం. బంగారు ఏనుగుని మళ్ళీ హైదరాబాదుకి తీసుకురండి. ఈ చివరిది అన్నిటికన్నా గట్టిగా అడుగుతున్నాను.

చూపించడానికి సామాను లేదని మాత్రం ఇప్పుడెవరూ అనలేరు. మా బడికి పెద్ద టచ్ ప్యానెల్ బోర్డు వచ్చింది, మా చుట్టుపక్కల హైస్కూళ్ళకీ వచ్చింది. రంగు బాగుంటుంది, మాట స్పష్టంగా వినపడుతుంది. కిటికీ దుప్పట్లు కూడా ఉతికించి పెట్టుకున్నాం. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా హెడ్మాస్టరు గారు మాకు ఆ గది రాసిచ్చారు.

"మరి అది మనకెప్పుడు చూపిస్తరు" అని అడిగిన పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. మార్చిలో పరీక్షలు రాసి వెళ్ళిపోతాడు. మళ్ళీ అడగలేదు, అడిగే స్వభావం కాదు వాడిది. కానీ శనివారం నేను బోర్డు ఆన్ చెయ్యగానే, ఈ రోజు ఏ బొమ్మ అని మిగతావాళ్ళందరూ అరుస్తుంటే, వాడొక్కడు నా ముఖంలోకి చూస్తాడు.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
సూర్యాపేట జిల్లా